సొంత బండి – యోగక్షేమములు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పద్యములకు ప్రతిపదార్థములు చెప్పి కాలము గడపిన మావంటి వృద్ధోపాధ్యాయులు మోటారు బండ్లను గూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని కౌటిల్యుడు విద్యలను నాలుగుగా విభజించి, కృషి పశుపాలన వాణిజ్యములను ‘వార్త’ యను పేర నందొక విద్యగా పరిగణించినాడు. జీవికను గూర్చిన జ్ఞానమును విద్యయే. మఱియు మాయొద్ద చదివిన బాలురలో పలువురు నేడు చిన్న సరకు బండి కొని స్వతంత్రముగా జీవింప నుద్యుక్తులై, అప్పుపత్రముపై సంతకము చేయుటకు ముందు మా సలహా నడుగ వచ్చుచున్నారు. వారికి చెప్పు మాటలనే ఈ సభకును విన్నవించుచున్నాము.

ఈ వృత్తికి ఆధారమేమి? పెద్ద లారీకి చాలని సరకు, రేపటివరకు ఆగలేని సరకు – ఈ రెండే. వరికోత యంత్రము చేనిలో నిలిచిపోయినచో విజయవాడ ఆటోనగరునుండి విడిభాగము ఆ పూటయే రావలెను. భీమవరము ప్రాంతపు రొయ్యల చెఱువులో ఏరేటరు చెడినచో తెల్లవాఱునప్పటికి పంట చేయి దాటిపోవచ్చును. మదనపల్లె మార్కెట్టుకు చేరవలసిన టమాటా ఒకనాడు ఆలస్యమైనచో ధర గోల్పోవును. అమెరికాలోని టెక్సాసు చమురుబావుల ప్రాంతమున ఇట్టి తొందర సరకును, పికప్ బండికి ట్రెయిలరు తగిలించి, తానే యజమానియు తానే డ్రైవరునై చేరవేయువానిని ‘హాట్‌షాట్’ వాడందురు. మన దేశమున 2005లో టాటా ఏస్ వచ్చినది మొదలు ఇట్టి చిన్న బండ్లు పల్లెలకును వ్యాపించినవి.

చట్టము ఈ ప్రారంభకునకు కొంత అనుకూలముగానే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 66వ సెక్షను ప్రకారము, సరకుతో గూడ మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరకు బండికి పర్మిట్టు అక్కఱలేదు. తేలిక వాహనముల లైసెన్సు గలవాడు 7,500 కిలోలు మించని సరకు బండిని ప్రత్యేకానుమతి లేకయే నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. అయినను రిజిస్ట్రేషను, ఫిట్‌నెసు, బీమా, పన్ను, కాలుష్య పత్రము – వీనిలో నొక్కటి లేకున్నను బండి కదల్పరాదు. సరకు విలువ 50,000 రూపాయలు మించినచో సాధారణముగా ఈ-వే బిల్లు వెంట నుండవలెను. అధికభారమునకు 2019 నాటి సవరణానంతరము 20,000 రూపాయల జరిమానాయు, ఆపైన అదనపు టన్ను కొక్కింటికి 2,000 రూపాయలును విధింతురు. ‘ఇంకొక రెండు బస్తాలు వేయుము, ఏమగును?’ అను షావుకారు ఆ జరిమానా చెల్లింప రాడు.

ఇక లెక్క. మా శిష్యులు తప్పునది ఇచ్చటనే. ఉదాహరణకు, 120 కిలోమీటర్ల దూరమునకు 3,500 రూపాయల కిరాయి కుదిరినదనుకొందము. పోకయు రాకయు 240 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 16 లీటర్ల డీజిలు. లీటరు నూరు రూపాయలైనచో 1,600. టోలునకును భోజనమునకును 400. మిగులు 1,500. కుఱ్ఱవాడు దీనిని లాభమనుకొని ఇంటికి వచ్చును. కాని నెల కిస్తీ 15,000 అయి, బండికి నెలలో 18 దినములే పని దొరకినచో, పని గల దిన మొక్కింటికి కిస్తీ భారము 833. టైర్లకు, మరమ్మతునకు, బీమాకు కిలోమీటరునకు 3 రూపాయలు దాచవలెనన్న 720. అనగా 53 రూపాయలు చేతినుండియే పోయినవి! వాని కష్టమునకు కూలి యింకను లెక్కింపనే లేదు. తిరుగు దారిలో 1,200 రూపాయల సరకు దొరకెనా, ఆనాడు వాని యింట పొయ్యి రాజును. కావున కిరాయి మాటాడు నపుడే తిరుగు సరకును గూర్చి విచారించుకొనవలెను.

లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. బండి కొనుట యోగము మాత్రమే. దానికి ఫైనాన్సువారు వాకిటికే వచ్చి తోడ్పడుదురు. క్షేమమునకు తోడ్పడువారే యఱుదు. అందుచే యువకులకు మేము చెప్పునది: ముందొక సంవత్సరము పరుల బండిపై పనిచేసి దారులను, సరకు నిచ్చువారిని ఎఱుగుడు. నిత్యము పని నిచ్చు ఇద్దఱు ముగ్గురు దొరకిన పిదపనే కొనుడు. మూడు నెలల కిస్తీయు ఒక జత టైర్ల వెలయు చేతనుంచుకొనుడు. పాత బండియైనచో ఫైనాన్సు బాకీ తీరిన పత్రమును, చలానుల బాకీని చూడక రూపాయి ఇయ్యకుడు. నిద్ర వచ్చినపుడు బండి ప్రక్కకు నిలుపుడు. ఏ తొందర సరకును ప్రాణముకన్న తొందరది కాదు.

పెద్దలకును ఒక మాట. ఈ సభలో మిల్లు యజమానులు, శీతల గిడ్డంగులవారు, ఎరువుల వర్తకులు ఉన్నారు. పరుల లారీకి సరకు దిగిననాడే కిరాయి చెల్లించి, ‘మనవాడే గదా, వచ్చే నెల చూతము’ అని మనవానిని నిలుపుట మనలో ననేకులకు అలవాటు. మీరు నలువది దినములు నిలిపిన కిరాయికై వాడు డీజిలునకు వడ్డీసొమ్ము తెచ్చును, కిస్తీ తప్పును, తుదకు బండి ఫైనాన్సువారి ఆవరణలో నిలుచును, దానికై కుదువబెట్టిన తల్లి బంగారము తిరిగి రాదు. బండి కొనుటకు విరాళమిచ్చుటకన్న, చేసిన పనికి ఆనాడే కిరాయి ఇచ్చుట మేలు. అది దానము గాదు, ఋణము దీర్చుట.

కావున ఏడు దినములలో కిరాయి చెల్లింతుమని మన వర్తకులు ఈ సభలో మాట యియ్యవలెననియు, రసీదు చూపిన యువకునకు డీజిలు ఖర్చు చేబదులిచ్చు చిన్న నిధి నొకదానిని సంఘము నెలకొల్పవలెననియు మా విన్నపము. యువకులును కులమువారి సరకునకే కాచుకొనియుండక, ఎవరి సరకునైనను సమానశ్రద్ధతో చేర్చి పేరు గడింతురు గాక. కార్యవర్గమువారు దీనిని తీర్మానరూపమున స్వీకరింతురని నమ్మి విరమించుచున్నాము.

స్వస్తి.