జవాబు చెప్పాల్సింది మీరే

యువ వైద్యులారా! పట్టా అందుకుంటున్న ఈ పూట మీతో ఒక్క సంగతే చెప్పాలని ఉంది.

న్యుమోనియాతో వచ్చినవాళ్లలో ఎవరిని ఆస్పత్రిలో చేర్చుకోవాలి, ఎవరిని మందులిచ్చి ఇంటికి పంపొచ్చు? ఈ లెక్కను కంప్యూటరు చేత కట్టించాలని 1990ల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పరిశోధకులు పాత కేసుల వివరాలన్నీ దానికి నేర్పారు. అది నేర్చుకున్న సూత్రాల్లో ఒకటి చూసి ఉలిక్కిపడ్డారు. ఉబ్బసం ఉన్నవాళ్లు న్యుమోనియాతో చనిపోయే ప్రమాదం తక్కువట! వార్డులో నైట్ డ్యూటీ చేసిన ఏ హౌస్ సర్జనూ ఒప్పుకోని మాట. అయినా లెక్క తప్పలేదు. ఉబ్బసం రోగి న్యుమోనియాతో వస్తే అక్కడి డాక్టర్లు నేరుగా ఐసీయూకే తీసుకెళ్లేవారు. అందుకే వాళ్లలో ఎక్కువమంది బతికారు. బతికిన సంగతి కంప్యూటరుకు తెలిసింది గానీ, బతికించడానికి పడ్డ పాట్లు తెలియలేదు. ఆ సూత్రాన్ని నమ్మి ఉంటే ఆ రోగులను ఇంటికి పంపేసేవారు.

వాళ్లు కట్టిన వేర్వేరు నమూనాల్లో అన్నిటికన్నా కచ్చితంగా ఫలితం చెప్పినదాని లోపల మాత్రం ఇలాంటివి ఇంకేం దాగున్నాయో చూసే వీలే లేదు. దాన్ని రోగుల మీద వాడకూడదని పరిశోధకులు నిర్ణయించుకున్నారు. ఎంతో శ్రమపడి కట్టినదాన్ని అలా పక్కన పెట్టగలగడం నా దృష్టిలో అసలైన వైద్యనీతి.

యంత్రం వద్దనడం లేదు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడాన్ని ఫొటోలో పసిగట్టడంలో గూగుల్ ప్రోగ్రాం కంటి డాక్టర్లకు తీసిపోదని 2016లో తేలింది. మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ కంటి ఆస్పత్రుల ఫొటోలతోనూ అది నేర్చుకుంది. కంటి డాక్టరు లేని ఊళ్లకు అది వరమే. కానీ థాయిలాండ్ క్లినిక్‌లలో, వెలుతురు చాలని గదుల్లో తీసిన ఫొటోల్లో ఐదో వంతుకు పైగా బాగోలేవని తిరగ్గొట్టింది. ఇంకో రోజు ఇంకో ఆస్పత్రికి వెళ్లమని రోగులకు చెప్పాల్సిన బాధ నర్సుల మీద పడింది.

రేపు మీ ఓపీలో ఒక తల్లి "మా వాడికి ఏమైంది డాక్టరుగారూ?" అని అడిగితే "సాఫ్ట్‌వేర్ అలా చెప్పిందమ్మా" అని తప్పుకోకూడదు. ఎందుకలా అనుకుంటున్నారో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. పొరపాటైతే ఆమె ముందు నిలబడాల్సిందీ మీరే.

అందుకని ఒకటి కోరుతున్నాను. ఎక్స్‌రే గురించి యంత్రం ఏమందో చూడకముందే రోగిని పరీక్షించి, మీకు తోచింది కేస్ షీట్‌లో రాయండి. యంత్రానికి అలవాటుపడితే సొంత చూపు మొద్దుబారొచ్చు. పోలండ్‌లో కొలనోస్కోపీ చేసే డాక్టర్లు ఏఐకి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాలు దొరకడం 28 శాతం నుంచి 22 శాతానికి పడిపోయిందని 2025లో ఒక అధ్యయనం చూపింది. మీరు రాసిందీ యంత్రం చెప్పిందీ కలవకపోతే మళ్లీ రోగి మంచం దగ్గరికి వెళ్లండి. అప్పటికీ తేలకపోతే, అర్ధరాత్రయినా సరే, మీ సీనియర్‌ని లేపండి.