లెక్కలోకి రాని గంప

పట్టాలు అందుకుంటున్న పిల్లలకు అభినందనలు. చాలాసేపటి నుంచి ఎండలో కూర్చున్నారు, మర్యాదలు ఇంతటితో చాలు.

కాలిఫోర్నియాలోని ఈ శాన్ రామన్‌లో సముద్రం కనపడదు. అయినా మీలో మత్స్య విస్తరణలో డాక్టరేట్ చేసినవారున్నారని తెలిసి ఇష్టంగా వచ్చాను. నా ఉద్యోగమంతా కాకినాడ, ఉప్పాడ తీరంలోనే గడిచింది.

చేరిన కొత్తలో ఉప్పాడలో సర్వే చేస్తున్నాను. ఫారంలో మొదటి గడి 'కుటుంబ యజమాని'. మగవాళ్లు వలల గురించి, డీజిల్ ఖర్చు గురించి చెబుతుంటే రాసుకుంటున్నాను. పక్కన చేపలు ఎండబెడుతున్న ఒకావిడ అంది: "వల్లో ఏం పడిందో రాసుకున్నావు. దాన్ని రూపాయలు చేసేదెవరో రాసుకోవేంటి బాబూ?" ఫారం మార్చమని పైవాళ్లను అడిగాను, మార్చలేదు. అప్పట్నుంచి ఫారం వెనకవైపు ఆడవాళ్ల మాటలు రాయడం మొదలుపెట్టాను. తెల్లవారకముందే రేవులో వేలం పాట, వడ్డీకి తెచ్చిన పెట్టుబడి, ఐసు ఖర్చు, వాసనొస్తుందని చేపల గంపను బస్సెక్కనివ్వని కండక్టరు... అసలు బతుకంతా ఆ వెనకవైపే ఉంది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమది, ఆపాల్సిందే. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలైంది. మంచి పని. కానీ ఆ భృతి జాబితా వేటకు వెళ్లేవారిది. పడవ కదలనప్పుడు గంప మాత్రం ఎలా కదులుతుంది? ఊరూరా తిరిగి చేపలమ్మే తల్లికి ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయి?

ఇక్కడా అంతే. కాలిఫోర్నియాలో 2023 నుంచి 2025 వరకు వరుసగా మూడేళ్లు వాణిజ్య సాల్మన్ వేట మూసేశారు. కరువులో నదుల నీరు తగ్గి, వేడెక్కి, చేపపిల్లలు బతకలేదు. పడవ యజమాని నష్టం కాగితాల్లో కనిపిస్తుంది. పడవ మీద కూలికి వెళ్లే కుర్రాడి నష్టం వెతికితేగాని దొరకదు. వెతకడమే మీ చదువు.

డాక్టర్లయ్యారు, సంతోషం. మీ సిద్ధాంత గ్రంథం ఎన్ని పేజీలో నాకు చెప్పొద్దు. మీకు జవాబులిచ్చిన ఊరికి మళ్లీ వెళ్లి, ఏం తేలిందో చెప్పారా? ఏమర్రా, తలలు దించుకుంటారేం? పని మానుకుని మీ ప్రశ్నలకు కూర్చున్నారు వాళ్లు!

ఈ సెలవుల్లోనే వెళ్లండి. తేలిందంతా తెలుగులో నాలుగు పేజీలు రాసి రేవులో చదివి వినిపించండి. ముందు ఆడవాళ్లకు వినిపించండి. వాళ్లు దిద్దిన కాగితం మత్స్యశాఖకు పంపండి.