లాగని టర్బో బండి: ముందు చూడాల్సింది దాని చరిత్ర



నన్ను మాట్లాడమన్న విషయం ఇది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో పెట్రోల్ కారు, అదీ పాత యజమాని రకరకాల మార్పులు చేయించిన కారు, పికప్ పోతే కారణం ఎలా పట్టుకోవాలి? కస్టమర్ వచ్చి "అన్నా, బండి లాగట్లేదు" అంటాడు. అతను సీట్లోంచి దిగకముందే మన నోట్లోంచి "టర్బో పోయుంటుంది" అని వచ్చేస్తుంది. ఆ ఒక్క మాటకి అతనికి వేల రూపాయలు వదులుతాయి. చాలాసార్లు జబ్బు మాత్రం బండిలోనే ఉండిపోతుంది.

కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి మ్యాన్యువల్ ఉంటుంది. బూస్ట్ ఎంత రావాలో, యాక్చుయేటర్ రాడ్డు ఎంత ప్రెషర్‌కి కదలాలో అందులో రాసి ఉంటుంది. మార్పులు చేసిన బండికి అలాంటి పుస్తకమేదీ లేదు. ఒకాయన రీమ్యాప్ చేయించి, పెద్ద ఇంటర్‌కూలర్, పెద్ద ఎగ్జాస్ట్ పైపు వేయిస్తాడు. బండి అమ్మేటప్పుడు ఆ ఖరీదైన సామాను విప్పి వేరే అమ్ముకుని పాతవి బిగించేస్తాడు. ఈసీఎంలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, ఆ రీమ్యాప్ ఫైలు మాత్రం మారదు. పెద్ద సామాను ఇంకా ఉందనుకుని అది ఆ లెక్కనే బూస్ట్ అడుగుతుంది. కొన్నవాడికి ఇదేమీ తెలియదు, అమ్మినవాడు చెప్పడు.

అందుకే స్కానర్ పెట్టే ముందు బానెట్ ఎత్తి అరగంట చూడండి. యాక్చుయేటర్ రాడ్డు నట్టు మీద కంపెనీ పెయింటు గుర్తు చెదిరిందా? వ్యాక్యూమ్ పైపు మధ్యలో ఎవరైనా చిన్న ఇత్తడి బూస్ట్ కంట్రోలర్ దూర్చారా? ఓపెన్ ఫిల్టర్ ఉందా? ఉంటే అది ఇంజిన్ వేడిగాలినే పీలుస్తుంది. దానికి పూసే నూనె ఎక్కువైతే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పేరుకుని గాలిని తక్కువ చేసి చూపిస్తుంది. గేరు మార్చినప్పుడు "ష్ష్" అనే బ్లో ఆఫ్ వాల్వ్ మన కుర్రాళ్లకి ప్రాణం. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఆ సెన్సర్ లెక్కపెట్టిన గాలినే ఆ వాల్వ్ బయటికి వదిలేస్తుంది. లేని గాలికి పెట్రోల్ పడి బండి తడబడుతుంది. వీలుంటే ఈసీఎంలోకి కంపెనీ ఫైలు తిరిగి ఎక్కించి, మొదటి పరీక్ష దాని మీదే చేయండి. అప్పుడు పోల్చి చూడ్డానికి ఒక కొలత దొరుకుతుంది.

ఇక స్కానర్. పీ0299 వచ్చిందనగానే టర్బో ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: ఈసీఎం అడిగినంత బూస్ట్ రాలేదని. ఎందుకు రాలేదో చెప్పదు. అది వెతకడం మన పని.

దానికి లాగ్ తీయాలి. డైనో మీద గానీ, ఖాళీ రోడ్డు మీద గానీ మూడో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వండి. ఒకరు నడపాలి, ఇంకొకరు ల్యాప్‌టాప్ చూడాలి. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ డ్యూటీ, ఇగ్నిషన్ టైమింగ్, ఫ్యూయల్ ప్రెషర్, లోపలికి వెళ్లే గాలి వేడి, ఈ ఆరూ రికార్డు కావాలి. అసలు అడిగిన బూస్టే తక్కువుంటే ఈసీఎం తనంతట తానే బండిని కట్టేసిందన్నమాట. వేడి, నాకింగ్, థ్రాటిల్, వీటిలో ఏదో దాన్ని భయపెట్టింది. అడిగింది ఎక్కువ, వచ్చింది తక్కువ, డ్యూటీ 95 శాతం దగ్గర నిలబడిపోయింది అంటే ఈసీఎం తన చేతనైనంతా చేస్తోంది. గాలి ఎక్కడో పోతోంది, లేదా వేస్ట్‌గేట్ మూసుకోవట్లేదు. అడిగింది అడిగినట్టే వస్తున్నా బండి లాగకపోతే మాత్రం టర్బో జోలికి వెళ్లకండి. టైమింగ్, క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్), క్లచ్ వైపు తిరగండి.

ఒక చిన్న జాగ్రత్త. స్కానర్ చూపించే ప్రెషర్‌లో మామూలు వాతావరణ పీడనం కూడా కలిసి ఉంటుంది. ఇంజిన్ ఆపి కీ మాత్రం ఆన్ చేస్తే విజయవాడలో 1010 మిల్లీబార్ చుట్టూ, హైదరాబాద్‌లో 950 చుట్టూ కనిపించాలి. అలా లేకపోతే ముందు సెన్సర్ సంగతి చూడండి. తర్వాత తీసే లాగ్ అంతా దాని మాట మీదే ఆధారపడి ఉంది మరి.

ఒక బండి సంగతి చెబుతాను. 1.8 లీటర్ల టర్బో సెడాన్, రీమ్యాప్ అయింది. మా దగ్గరికి వచ్చేసరికే దానికి కొత్త టర్బో పడింది, అయినా లాగట్లేదు. లాగ్‌లో అడిగింది 2100 మిల్లీబార్, వచ్చింది 1600. స్మోక్ మెషిన్ పెడితే పొగ ఎక్కడా రాలేదు. ఆ మెషిన్ ప్రెషర్ చాలా తక్కువ. బూస్ట్ ఎక్కితేనే తెరుచుకునే చీలికని అది చూపించలేదు. టర్బో ఇన్‌లెట్ మూసి, రెగ్యులేటర్‌తో నెమ్మదిగా 1 బార్ దాకా గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు కొడితే ఇంటర్‌కూలర్ కింద సిలికాన్ హోస్ అడుగు భాగం బుస్సుమంది. పైనుంచి చూస్తే నిగనిగలాడుతున్న హోస్ అది.

పాత టర్బో ఎందుకు పోయిందో కూడా అక్కడే తెలిసింది. లీకు ఉన్నప్పుడు అడిగిన బూస్ట్ ఇవ్వడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. చిన్న టర్బోల షాఫ్టు మామూలుగానే నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా పోతుంది. దాన్ని ఇంకా తరిమితే బేరింగులు ఎంతకాలం ఆగుతాయి? లీకు వదిలేసి కొత్తది బిగిస్తే, దానికీ అదే గతి.

హోస్ మార్చాక బూస్ట్ వచ్చింది, బండి మాత్రం 4500 ఆర్‌పీఎం దాటాక మిస్ కొట్టడం మొదలెట్టింది. సిలిండర్‌లో ప్రెషర్ పెరిగేకొద్దీ ప్లగ్గు గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఇన్నాళ్లూ బూస్ట్ తక్కువ కాబట్టి ప్లగ్గుల లోపం బయటపడలేదు. గ్యాప్ తగ్గించిన కొత్త ప్లగ్గులు వేశాం. ఇంజిన్ కుదిరింది, అప్పుడు క్లచ్ జారడం మొదలైంది. ఆర్‌పీఎం పెరుగుతోంది, స్పీడు పెరగట్లేదు. ఒకదాని వెనక ఒకటి మూడు జబ్బులు! ఇలాంటి బండికి ఒక్క కారణం చెప్పి ఒక్క ఎస్టిమేట్ ఇవ్వకండి. మొదటి రోజే కస్టమర్‌కి ఈ మాట చెప్పేయండి, రేపు గొడవ ఉండదు.

పెట్రోల్ గురించి కూడా చెప్పాలి. ఇథనాల్ కలవని పెట్రోల్‌తో పోలిస్తే ఇథనాల్ కలిసిన ఈ20కి, అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. దాని ఆక్టేన్ మంచిదే, నాకింగ్ భయం తగ్గుతుంది. కానీ ఏళ్ల క్రితం అప్పటి పెట్రోల్‌కి చేసిన రీమ్యాప్, అప్పటికే పంపునీ ఇంజెక్టర్లనీ చివరిదాకా వాడుకుంటుంటే, ఇప్పుడు హై ఆర్‌పీఎంలో ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతుంది. లాగ్‌లో ప్రెషర్ గీత కిందికి వంగితే పంపు మీద, ఫిల్టర్ మీద కన్నేయండి. టైమింగ్ అన్ని సిలిండర్లలో ఒకేలా వెనక్కి పోతుంటే ఇంధనమో, గాలి వేడో కారణం. ఒక్క సిలిండర్‌లోనే పోతుంటే ఆ సిలిండర్ ప్లగ్గు, ఇంజెక్టర్ చూడండి.

క్యాట్ మూసుకుందని అనుమానం వస్తే దాని ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో గేజి బిగించండి. 2500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్‌ఐ దాటితే అనుమానించాల్సిందే. కంప్రెషన్ టెస్ట్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాకపోతే దాన్ని చివరికి వదిలేస్తున్నారు, మొదట్లోనే చేయండి.

చట్టం సంగతి కూడా ఒకటుంది. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున గుర్తొచ్చే సెక్షన్ అది. కాబట్టి బండిలో ఏమేం మార్పులు కనిపించాయో జాబ్ కార్డు మీద రాసి కస్టమర్ సంతకం తీసుకోండి.

డీజిల్ బండ్ల గురించి అడుగుదామని చాలామంది చూస్తున్నారు. ఈజీఆర్ మసి, టర్బోలో ఇరుక్కున్న రెక్కలు, దానికి ఇంకో గంట కావాలి. ఇప్పుడు బయట షెడ్డులో ఒక బండి సిద్ధంగా ఉంది. సబ్బు నీళ్లు, రెగ్యులేటర్ తెచ్చాను. రండి, చేసి చూద్దాం.