పెండ్లి పందిరిలో సంగీతము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



పెండ్లి నిశ్చయమైన ఇంట ముహూర్తమును గూర్చియు, వంటలను గూర్చియు, బట్టలను గూర్చియు పదిమంది కూర్చుండి ఆలోచింతురు. సంగీతమును గూర్చి ఆలోచించువారు అరుదు. ఆ భారమును పందిరి వేయువారికే వదలివేయుదురు. దాని ఫలితము ముహూర్తవేళ కనబడును. పురోహితుడు మంత్రము చదువుచుండగా ప్రక్కనే డీజే పెట్టెలు సినిమాపాటను మ్రోగించుచుండును. పీటలమీది వధూవరులకు మంత్రము వినబడదు. వెనుక కూర్చున్న ముత్తవ పాడబోయిన పాట ఆమె గొంతులోనే నిలిచిపోవును.

పెండ్లిలో ప్రతి ఘట్టమునకు తగిన సంగీతమును పూర్వులు ఏర్పరచిరి. సన్నాయి ఆరుబయట వినబడుటకు తగిన వాద్యము. మైకు లేకయే వీధి చివరకు శుభవార్తను చేర్చగలదు. ఎదురుకోలునకు అది ముందు నడచును. కన్యాదాన సంకల్పము చెప్పునపుడు మౌనము వహించును. మాంగల్యధారణవేళ పురోహితుడు చేయెత్తి సైగచేయగా గట్టిమేళము మ్రోగును. అశుభపు మాట గాని, తుమ్ము గాని ఎవరి చెవిని బడకుండుటకే ఈ ఏర్పాటు. ఎప్పుడు వాయించవలెనో, ఎప్పుడు ఆపవలెనో ఎరిగిన మేళము పెండ్లికి సగము నిండుదనము.

ఈ విద్యను నాయీబ్రాహ్మణ కుటుంబములును, ముస్లిము కుటుంబములును తరతరములుగా కాపాడుచున్నవి. ప్రకాశము జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానాగారు (1924–1999) శ్రీరంగమున స్థిరపడి, నాదస్వర విద్వాంసులుగా 1977లో పద్మశ్రీ నందుకొనిరి. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో అదే గౌరవము లభించినది. త్యాగరాజస్వామి (1767–1847) రచించిన సీతాకల్యాణ కీర్తనను పెండ్లిపందిళ్లలో ఇట్టి కుటుంబములవారు వాయించుచుండగా మతభేదము ఎవరికిని తోచదు. అయితే గ్రామములలో పిలుపులు తగ్గినకొలది మేళమువారి బిడ్డలు వేరు పనులు వెదకుకొనుచున్నారు.

వాద్యమునకు జతగా ఉండవలసినది స్త్రీల పాట. నలుగు పెట్టునపుడు ఒక పాట, తలంబ్రాలకు ఒకటి, పూబంతులాటకు మరొకటి, వియ్యపురాలిని ఎత్తిపొడుచుటకు ఇంకొకటి కలవు. గుమ్మమున ఆడపడుచులు అడ్డగించి వధూవరులచే పేర్లు చెప్పించునపుడు పాటయే పరిహాసమగును. అప్పగింతలలో బిడ్డ చేతులను పాలలో ముంచి అత్తమామల చేతులకు తాకించునపుడు ఆ పాటయే కన్నీరగును. తల్లి నోట రాని మాటను ఆ పాట చెప్పును. అన్నమాచార్యుడు (1408–1503) కూడ తలంబ్రాల పెండ్లికూతురిని కీర్తించెను. బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపద గేయసాహిత్యము" 1958లో వెలువడి, ఇట్టి పాటలు పరిశోధింపదగినవని చాటెను. కాని ఒక్కొక్క ఊరికి, ఒక్కొక్క ఇంటికి ప్రత్యేకమైన పాటలు ఇంకను వృద్ధుల నోటనే ఉన్నవి. వారితోడనే అవి పోవును.

సినిమాపాట వినరాదని చెప్పుట ఉచితము కాదు. యువకులకు దాని యందు ప్రీతి కలదు. విందువేళ దానికి చోటున్నది. కర్మ జరుగునపుడు మాత్రము అది తగదు. పైగా, 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలములందు మైకులకు సాధారణముగా అనుమతి లేదు. పొరుగింట నిద్రించు పసిబిడ్డను, జ్వరముతో ఉన్న వృద్ధుని తలచుకొన్నచో ఈ నియమము కఠినముగా తోచదు.

కావున పెండ్లి తలపెట్టినవారు కొన్ని పనులు చేయవలెను. పురోహితుని, మేళమువారిని ముందుగా ఒకచోట కూర్చుండబెట్టి, ఏ ఘట్టమున వాయించవలెనో, ఎచ్చట ఆపవలెనో నిర్ణయించుకొనవలెను. సంభావన ముందే మాటాడి, పెండ్లివారితోపాటు మేళమువారికి కూడ గౌరవముగా భోజనము పెట్టవలెను. తలంబ్రాలకు, అప్పగింతలకు మైకు కట్టివేసి, పాడగల స్త్రీలకు కొంతసేపు విడిచిపెట్టవలెను. వారిని ముందుగా ఇంటికి వెళ్లి బొట్టుపెట్టి పిలువవలెను. పిలువనిదే పాడుటకు వారు సిగ్గుపడుదురు.

గ్రంథాలయము చేయదగిన పని కూడ కలదు. ఒక మంచి నోటుపుస్తకము ఇచ్చట ఉంచి, చదువుకొన్న బాలికలు తమ అమ్మమ్మల, నాయనమ్మల నోట విన్న పెండ్లిపాటలను అందులో వ్రాయవలెను. పాట వరుస మరచిపోకుండునట్లు సెల్ ఫోనులో గొంతును కూడ భద్రపరుపవలెను. పాడినవారి పేరు, ఏ ఘట్టమున పాడుదురో ప్రక్కన వ్రాసియుంచవలెను. రాబోవు మాఘమాసపు పెండ్లిండ్లలోగా ఆ పుస్తకమున పది పాటలు చేరినను, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే యగును.