గోమయంలో కొలువైన శ్రీదేవి



గోపూజ ఎట్లా చేయాలో మీకు నేను చెప్పనవసరం లేదు. నుదుట పసుపు కుంకుమలు అద్ది, మెడలో పూలదండ వేసి, అరటిపండో బెల్లపు ముక్కో తినిపించి, తోకను కళ్ళకద్దుకొని ప్రదక్షిణం చేస్తాము. మనం ప్రదక్షిణం చేసిన ఆవు వెనుక పడిన పేడ ఆ తరువాత ఏమైనదని మాత్రం ఎవరమూ అడగము. ఈ సాయంకాలం ఆ సంగతినే విచారించాలని సంకల్పం. దేవుని సన్నిధిలో పేడను గురించిన ప్రసంగమా అని ఎవరికైనా శంక కలిగితే, దానికి సమాధానం మహాభారతంలోనే ఉన్నది.

అనుశాసన పర్వంలో అంపశయ్య మీద ఉన్న భీష్ముడు ధర్మరాజుకు ఒక వృత్తాంతం చెప్పాడు. శ్రీదేవి ఒకనాడు మనోహరమైన రూపం ధరించి గోవుల మధ్యకు వచ్చినది. అవి ఆశ్చర్యపడి, నీవెవరవని అడిగినవి. తాను లక్ష్మినని, తనను పొందిన దేవతలు సుఖిస్తున్నారని, తాను విడిచిన దైత్యులు నశించారని, ఇకమీదట గోవులలో నివసింప దలచానని ఆమె చెప్పినది. గోవులు పొంగిపోలేదు. నీవు చంచలవు, ఒకచోట నిలిచేదానవు కావు, నీతో మాకు పనిలేదు, వచ్చిన దారిని వెళ్ళుమన్నవి. లోకమంతా ఎవరి కటాక్షం కోసం పరితపిస్తున్నదో ఆ తల్లిని గుమ్మంలోనే నిలబెట్టి వద్దన్నవి! అప్పుడామె వేడుకొన్నది. మీరు కాదంటే లోకంలో నాకు గౌరవం ఉండదు, మీ దేహంలో నిందింపదగిన భాగమంటూ లేదు, ఎక్కడైనా సరే కాస్త చోటు ఇవ్వండి అన్నది. గోవులు తమలో తాము ఆలోచించుకొని, మా గోమయంలోను, మూత్రంలోను ఉండుమన్నవి. శ్రీదేవి అదే మహానుగ్రహమని స్వీకరించినది.

ఈ కథలో ఒక సూక్ష్మం గమనించండి. గోవులు ఆమెకు పాలలో చోటు చూపలేదు. ఆవు పాలిచ్చే కాలం కొంతే. పేడ మాత్రం పుట్టిన నాటి నుండి చివరి రోజు వరకు ఉంటుంది. ఒట్టిపోయిన ఆవుకు, కాడి మోయలేని ముసలి ఎద్దుకు కూడా ఆ సంపద తరగదు. నేడు గోశాలలకు చేరుతున్నవి ఎక్కువగా అటువంటి పశువులే కదా! వాటి గ్రాసానికి డబ్బు చాలక, దాతల ముందు చేయి చాచి నడుస్తున్న గోశాలలు ఎన్నో ఉన్నాయి. శ్రీదేవి ఉన్నదని మనం చెప్పుకొనే పదార్థం మాత్రం ఆ గోశాలల వెనుకనే గుట్టలుగా పడి ఉంటుంది.

మన పూర్వులు దానిని వృథా చేయలేదు. వాకిట కళ్ళాపి చల్లారు, గోడలు అలికారు, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టారు, భోగికి పిడకల దండలు గుచ్చారు, కాల్చి విభూతి చేసుకొన్నారు, మిగిలినదంతా పెంటపోగులో వేసి పొలానికి తోలారు. నాలుగు పశువుల ఇంటికి అది సరిపోయినది. వందల గోవులు ఒకేచోట ఉన్నప్పుడు, పేడను నీళ్ళతో కడిగి గుంటలోకి వదిలినప్పుడు పరిస్థితి వేరు. గాలి సోకని లోతులో నిలిచిన తడి పేడ మీథేన్ అనే వాయువును పుట్టిస్తుంది. నూరు సంవత్సరాల లెక్కన చూస్తే, ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటె 27 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇరవై సంవత్సరాల లెక్కన అయితే సుమారు 80 రెట్లు. వానకు ఆ రొచ్చు కొట్టుకొనిపోయి చెరువులో కలిస్తే నీరు చెడుతుంది. పూజనీయమైన పదార్థం మన అశ్రద్ధ వల్లనే దోషకారి అవుతున్నది.

ఆ వాయువును గాలిలో కలవనీయక మూత వేసి పట్టుకొంటే అది వంటకు నిప్పు అవుతుంది, శుద్ధి చేస్తే వాహనం నడుపుతుంది. గోబర్ గ్యాస్ అని మీరందరూ విన్నదే. అయితే అందులో జరిగేదేమిటో చాలమందికి తెలియదు. భగవద్గీత పదునైదవ అధ్యాయంలో స్వామి, తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహాలలో ఉండి నాలుగు విధాలైన అన్నాన్ని పచనం చేస్తున్నానని సెలవిచ్చాడు. ఈ తొట్టిలో జరిగేది కూడా ఒక పచనమే. నీటితో సమంగా కలిపిన పేడను గాలి చొరని తొట్టిలోకి వదులుతారు. కంటికి కనబడని సూక్ష్మజీవులు మొదట అందులోని పీచును, పిండిని, కొవ్వును చిన్న చిన్న పదార్థాలుగా విడగొడతాయి. మరికొన్ని వాటిని ఆమ్లాలుగా మారుస్తాయి. చివరి జాతివి ఆ ఆమ్లాల నుండి మీథేన్ చేస్తాయి. ఈ చివరి జీవులు ఆవు కడుపులో నుండి పేడతోపాటే వస్తాయి. అందుకే కొత్త తొట్టికి తోడు పెట్టడానికి కూడా పేడయే చాలు. వాటికి 35 డిగ్రీల వెచ్చదనం ఇష్టం. ఆమ్లం పెరిగినా, చలి ముదిరినా పని మందగిస్తుంది. ప్రదేశపు వేడిని బట్టి మన దేశంలో పేడ 30 నుండి 55 రోజులు లోపల ఉంటుంది.

బయటకు వచ్చే వాయువులో మీథేన్ 50 నుండి 60 పాళ్ళు. మిగిలినది చాలావరకు బొగ్గుపులుసు వాయువు, కొద్దిగా నీటి ఆవిరి, కుళ్ళిన గ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్. ఒక కిలో పచ్చిపేడ నుండి సుమారు 40 లీటర్ల వాయువు వస్తుంది. అంటే 25 కిలోలకు ఒక ఘనపు మీటరు. అది వంటగ్యాసులో అర కిలోకు కొంచెం తక్కువతో సమానం. తొట్టి నుండి వెలువడే చిక్కని ద్రవం పొలానికి ఎరువు. ఈ విద్య విశేషమంతా ఇక్కడ ఉన్నది. పిడకను పొయ్యిలో పెడితే నిప్పు దక్కి, నత్రజని పొగతోపాటు పోతుంది. ఆ పొగ మన తల్లుల కళ్ళను, ఊపిరితిత్తులను ఎంత బాధించినదో వేరే చెప్పాలా? పేడను పొలంలో వేస్తే ఎరువు దక్కుతుంది, నిప్పు ఉండదు. తొట్టిలో వేస్తే రెండూ దక్కుతాయి.

ఈ ప్రయత్నం మన దేశంలో కొత్తది కాదు. 1897లోనే బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు నుండి ఇటువంటి వాయువును తీశారు. 1950లలో జశ్‌భాయి పటేల్ అనే గుజరాతీ మహాశయుడు, వాయువు నిండిన కొలదీ పైకి తేలే ఇనుప డ్రమ్ముతో ఒక నమూనా రూపొందించి, దానికి గ్రామలక్ష్మి అని పేరు పెట్టాడు. భారత కథ ఆయన మనస్సులో ఉన్నదో లేదో గాని, అంతకంటె తగిన పేరు దొరకదు. 1960లలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దానిని ఊరూరా ప్రచారం చేసినది. 1981-82లో జాతీయ పథకం వచ్చినది. 1984లో ఇనుము అవసరం లేని దీనబంధు నమూనా వచ్చినది. అయినా పల్లెలలో కట్టినవాటిలో చాలా మూలబడిన మాట నిజం. డ్రమ్ములు తుప్పు పట్టాయి, బాగుచేసే మేస్త్రీలు లేరు, పశువులు తగ్గాయి, సిలిండర్లు వచ్చాయి. విద్యలో లోపం లేదు. కట్టించిన తరువాత పట్టించుకొనేవారు లేకపోయారు.

ఇప్పుడు అదే విద్య పెద్ద ఎత్తున తిరిగి వచ్చినది. 2018లో కేంద్ర ప్రభుత్వం గోబర్ధన్ పథకాన్ని, ఆ సంవత్సరమే అక్టోబరులో వాహనాలకు ఇటువంటి వాయువును అమ్మే సతత్ పథకాన్ని ఆరంభించినది. పెద్ద కర్మాగారంలో గంధకపు వాయువును ముందు తొలగిస్తారు. తరువాత నీటి ధారతోనో, పీల్చుకొనే పదార్థాలతోనో, సన్నని పొరలతోనో బొగ్గుపులుసు వాయువును వేరు చేస్తారు. మీథేన్ 90 పాళ్ళకు తగ్గరాదని మన దేశ ప్రమాణం. దానిని అధిక పీడనంతో సిలిండర్లలో బిగిస్తే, భూగర్భం నుండి తీసిన సీఎన్‌జీకి, దీనికి బండి ఇంజనులో భేదం ఉండదు.

గుజరాత్‌లోని బనాస్‌కాంఠా జిల్లాలో బనాస్ డెయిరీ దామా గ్రామం వద్ద ఇటువంటిది నెలకొల్పినది. 2022 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు. రోజుకు 40 టన్నుల పేడను చుట్టుపక్కల రైతుల వద్ద కిలో ఒక రూపాయి చొప్పున కొని, సుమారు 800 కిలోల వాహన ఇంధనం తీసే ఏర్పాటు అది. పాల డబ్బు వచ్చే ఇంటికి పేడ డబ్బు కూడా వచ్చినది. ఆనంద్ జిల్లా జకరియాపురాలో మరొక మార్గం తొక్కారు. అక్కడ మహిళలు ఇంటింటా చిన్న తొట్లు పెట్టుకొని, వాయువుతో వంట చేసుకొని, మిగిలిన ద్రవపు ఎరువును తమ సహకార సంఘం ద్వారా అమ్ముకొంటున్నారు.

మనకు అన్నింటికంటె దగ్గరి ఉదాహరణ గ్వాలియర్. అక్కడి లాల్ టిపారా గోశాల నగరపాలక సంస్థది, సాధువుల సేవలో నడుస్తున్నది. వేల సంఖ్యలో ఉన్న ఆ గోవులలో ఎక్కువ భాగం వీధులలో వదిలివేయబడినవే. ఇండియన్ ఆయిల్ సంస్థ సహాయంతో కట్టిన కర్మాగారం అక్కడ 2024 అక్టోబరు 2న ప్రారంభమైనది. రోజుకు 100 టన్నుల పేడతో సుమారు 2 టన్నుల వాయువు తీసే శక్తి దానికి ఉన్నది. వదిలివేయబడిన గోవు పేడతో బండ్లు నడుస్తున్నవన్నమాట!

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో వేల ఆవుల డెయిరీలు పేడను కడిగి చెరువుల వంటి గుంటలలో నిలువ చేస్తాయి. 2016లో అక్కడ చేసిన చట్టం, 2030 నాటికి మీథేన్‌ను 2013 నాటి స్థాయి నుండి 40 శాతం తగ్గించాలన్నది. గుంటలపై కప్పులు వేసి వాయువు పడుతున్నారు, దానికి మంచి ధర కూడా లభిస్తున్నది. ఇంత లాభం ఉంటే మందలను ఇంకా పెంచుతారని, పేడ కోసం ఆవు అయిపోతుందని అక్కడి ఊళ్ళవారు కొందరు అభ్యంతరం చెబుతున్నారు. ఆ అభ్యంతరం త్రోసివేయదగినది కాదు. పైగా ఆవు నెమరు వేస్తూ నోటి ద్వారా వదిలే మీథేన్‌ను ఏ తొట్టీ పట్టలేదు. గొట్టాలు కారితే పట్టినది కూడా పోతుంది. మన గోశాలలో గోవు ముందు, గోమయం తరువాత. ఉన్న గోవుల పేడను సద్వినియోగం చేయడం సేవ. పేడ లెక్క చూసి గోవులను కట్టివేయడం వ్యాపారం.

ఈ వాయువుతో నైవేద్యం వండవచ్చునా అని కొందరు పెద్దలు అడుగుతారు. పంచగవ్యాలలో గోమయం ఒకటి. హోమాగ్నిలో పిడకలు వాడుతూనే ఉన్నాము. కనుక నాకు దోషం కనబడదు. అయినా ఆలయ ఆగమాచార్యుల అనుమతి తీసుకొనడం మర్యాద. వారు వద్దంటే అన్నప్రసాదశాలకు వాడుకొనవచ్చును.

ఇక లెక్క. మన వంటి దేవస్థానానికి బండ్ల ఇంధనం, శుద్ధి యంత్రాలు అక్కరలేదు. అవి 40 టన్నులు, 100 టన్నులు పోగైన చోట తగినవి. నూరు గోవుల గోశాల అనుకొందాము. గోవుకు పది కిలోల చొప్పున రోజుకు ఒక టన్ను పేడ. దాని నుండి 40 ఘనపు మీటర్ల వాయువు. అంటే సుమారు 17 కిలోల వంటగ్యాసు. ఇంటికి వచ్చే సిలిండరులో ఉండేది 14.2 కిలోలే. రోజూ ఒక సిలిండరుకు మించి గోశాల నుండి వంటశాలకు గొట్టంలో వస్తుంది. అందుకు రోజూ పేడ, నీరు కలిపే మనిషి ఒకడు కావాలి. పేడలో ఇసుక, గడ్డి పరకలు చేరకుండా చూడాలి. గొట్టంలో చేరిన నీటిని తీసివేస్తుండాలి. తొట్టి లోపలికి మాత్రం ఎవరూ దిగరాదు. ఆ వాయువు క్షణాలలో ప్రాణం తీస్తుంది, అట్లా పోయినవారు ఉన్నారు. శుభ్రం చేయవలసి వస్తే తెలిసినవారినే పిలవాలి. వెలువడిన ద్రవాన్ని ఎండలో పరచితే నత్రజని కొంత గాలిలో కలిసిపోతుంది గనుక, నీడపట్టున గుంట తీసి, ఎండుటాకులతో కలిపి మగ్గనిచ్చి, ముందు స్వామివారి పూలతోటకు, మిగిలినది గోవుల పచ్చగడ్డి మడికి పెట్టించాలి.