మార్కులు తక్కువైతే మెరిట్ లేనట్టేనా?

(మౌలాలిలో బస్తీ తల్లిదండ్రుల, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మౌలాలి గుట్ట కింద, లోకోషెడ్ చుట్టుపక్కల బస్తీలల్ల, నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీలల్ల షిఫ్టులు చేసేటోళ్ల ఇండ్లల్ల ఎండాకాలం వస్తే ఒకటే ముచ్చట. "సారూ, పిల్లగానికి ఇంటర్‌ల మార్కులు తక్కువొచ్చినయి. ఎంసెట్‌ల మాత్రం మంచిగ చేసిండు. సీటొస్తదా?" ఈ ప్రశ్నకు సగం జవాబు తెలిసి సగం తెలియక మనోళ్లు ఏటా నష్టపోతున్నారు.

మా కళ్ల ముందు జరిగిందే చెప్తాం. మా బస్తీ పిల్లగాడొకడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. తండ్రి హమాలీ, తల్లి ఇండ్లల్ల పనిచేస్తది. ఇంటర్ ఇంగ్లీషు మీడియంల చేరిండు. లెక్క వాడి తలకాయల ఉంది, దాన్ని ఇంగ్లీషుల పేజీలకు పేజీలు రాసుడు రాలేదు. గ్రూపు సబ్జెక్టులల్ల 38 శాతం వచ్చింది. పాసయ్యిండు. ఎంట్రన్సుల ప్రశ్న ఇంగ్లీషు పక్కన తెలుగుల గూడ ఉంటది, జవాబు గుర్తించుడే పని. అక్కడ కార్పొరేట్ కాలేజీల పిల్లలను దాటేసిండు. ఇంట్ల మిఠాయి పంచిండ్రు. తీరా సర్టిఫికెట్ల పరిశీలనకు పోతే, "నలభై శాతం లేదు, సీటు లేదు" అన్నరు. ర్యాంకు కార్డు చేతిల పట్టుకొని తల్లీకొడుకులు బస్సెక్కి ఇంటికొచ్చిండ్రు. ఆ ఏడాది వాడు ప్యాకింగ్ పనికి పోయిండు. తప్పు వాడిదా? కాదు. ఆ రూలు ముందుగాల చెప్పని మా పంతుళ్లది, మా సంఘాలది.

తక్కువ మార్కులు అంటే తక్కువ తెలివి అని మనకు నూరిపోసిండ్రు. 1907లో బాబాసాహెబ్ అంబేద్కర్ మెట్రిక్ పాసైనప్పుడు ఆయనకొచ్చిన మార్కులెన్నో తెలుసా? 750కి 282. అంటే 38 శాతం కూడా నిండలేదు. ఆ కాగితం చూసి ఆయనను పక్కన పెట్టి ఉంటే? బరోడా మహారాజు సాయంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయిండు, తర్వాత లండన్‌ల చదివిండు, రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడయ్యిండు. ఆ 282 ఆయన తెలివికి కొలత కాదు. నీళ్ల కుండ ముట్టనియ్యని బడికి, ఒక్క గదిల ఇల్లంతా బతికిన బతుక్కు కొలత.

ఇప్పుడు రూలు సంగతి. చెవిన పెట్టుండ్రి.

ఒకటి. ఎంసెట్‌ను 2024 నుంచి ఈఏపీసెట్ అంటున్నరు. ఇదివరకు ర్యాంకుల ఎంట్రన్సుకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండె. కరోనా కాలంల ఆపిండ్రు, తెలంగాణల 2023ల పూర్తిగ తీసేసిండ్రు. ఇప్పుడు ర్యాంకు ఎంట్రన్సు మార్కుల మీదనే. ఆంధ్రప్రదేశ్‌ల మాత్రం 2023ల ఆ వెయిటేజీ మళ్లీ తెచ్చిండ్రు.

రెండు. వెయిటేజీ పోయింది గాని గేటు పోలేదు. ఇంజనీరింగుకు గ్రూపు సబ్జెక్టులు మూడూ కలిపి ఓసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం ఉండాలె. ఇంటర్ పాసు మార్కు 35. మన పిల్లలు జారిపడేది ఈ 35కు, 40కి నడుమనే. మూడూ కలిపి 600 అనుకుంటే 240 రావాలె. ఫలితాలు రాంగనే ఇంట్ల కూసొని కూడుండ్రి. తగ్గితే అదే రోజు కాలేజీకి పోయి, సప్లిమెంటరీల ఇంప్రూవ్‌మెంట్ రాసే సంగతి, ఫీజు గడువు అడుగుండ్రి. ర్యాంకు వచ్చినంక చూద్దామంటే గడువు దాటిపోతది.

మూడు. ఈఏపీసెట్‌ల 160 ప్రశ్నలు, మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఒక్కటి గూడ విడిచిపెట్టొద్దు. ఇతరులకు 25 శాతం అర్హత మార్కు ఉంది, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు లేదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండ్రి.

ఎంట్రన్సు మనల్ని ఉద్ధరించే దేవత అని కూడా మేము అనం. లక్షల కోచింగ్ కొనుక్కున్నోడు, షిఫ్టు చేసొచ్చి చదివినోడు ఒకే గీత మీద నిలబడలేదు. 1990ల మండల్ వద్దని రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి మెరిట్ చచ్చిపోయిందని ఏడ్చినోళ్లున్నరు. ప్రైవేటు కాలేజీలల్ల 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటాల పోతుంటే ఆ ఏడుపు ఎందుకు వినబడదు? పైసలున్నోని దగ్గర మెరిట్ అడగరు. మన కాడికొచ్చేసరికి రెండు మార్కులకు లెక్క తేలుస్తరు.

అందుకని ఈ ఏడు మేము ఒక పని పెట్టుకున్నం. ఫలితాలు వచ్చిన వారం బస్తీకి ఇద్దరు చదువుకున్నోళ్లు ఇంటింటికి తిరిగి మెమోలు చూడాలె. 40కి తక్కువున్న ప్రతి పిల్లతో, పిల్లగానితో ఇంప్రూవ్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టించాలె. ఫీజు కట్టలేకపోతే మనమే చందా వేసుకుందాం. సభకు, దండకు ఖర్చు పెడుతున్నాం గదా, దీనికి పెట్టలేమా?

మా పిల్లగాడు మరుసటి ఏడు మళ్లీ రాసిండు, 40 దాటిండు, ఇంజనీరింగుల చేరిండు. కానీ పోయిన ఏడాది వానికి ఎవ్వరూ తిరిగియ్యలేరు. ఇంకో తల్లి ర్యాంకు కార్డు పట్టుకొని ఉత్తచేతుల బస్సెక్కి రావద్దు. జై భీమ్!