పిలుపూ, పలికేవారూ

జూబిలీ హిల్సు, ఫిల్మునగరు ప్రాంతపు స్టూడియోలలో అడుగుపెట్టిన వారికి ఈ దృశ్యం పరిచితమే. దర్శకుడు "యాక్షన్" అంటాడు. మాట ఒక్కటే. నాయిక కన్నీరు పెడుతుంది. ఫ్యాను దగ్గరి మనిషి స్విచ్చి వేస్తాడు. ట్రాలీ పట్టుకొన్నవాడు ట్రాలీ తోస్తాడు. ఎవరేమి చేయాలో ఆ మాటలో లేదు, దానిని అందుకొన్నవారిలో ఉన్నది. నిన్నటి ట్రాలీ మనిషికి బదులు వేరొకడు వచ్చినా దర్శకుడు పిలుపు మార్చుకోనక్కరలేదు.

కంప్యూటరు భాషలలో దీనినే డైనమిక్ మెథడ్ డిస్పాచ్ అంటారు. పిలుపుకు అర్థం ప్రోగ్రాము వ్రాసేటప్పుడు గాక, అది నడిచే వేళ, పలికే వస్తువును బట్టి నిర్ణయమవుతుందన్నమాట. 1967 నాటి సిమ్యులా భాషలో దీనికి అంకురం పడింది. 1970లలో అలన్ కే బృందం రూపొందించిన స్మాల్‌టాక్‌లో ప్రతి పనీ ఒక సందేశమే. పైథాన్ భాష కూడా ఈ త్రోవలోనిదే. బొమ్మలకు ప్రాణం పోసే మాయా అనే సాధనం 2007లో ఆ భాషను స్వీకరించింది.

2012లో వచ్చిన "ఈగ" చిత్రం మీరు చూచే ఉంటారు. దాని గ్రాఫిక్సుకు హైదరాబాదు సంస్థ మకుట జాతీయ పురస్కారం అందుకొన్నది. అటువంటి ఈగనొకదానిని ఊహించండి. "కదులు" అంటే ఈగ రెక్కలాడిస్తుంది, తెర ఊగుతుంది, చినుకు జారుతుంది. ఎట్లా కదలాలో పైథాన్ ముందు ఆ వస్తువులో వెదుకుతుంది, పిదప దాని వర్గంలో, అక్కడా లేకపోతే మూలవర్గంలో. ఎక్కడా దొరకకపోతే పని ఆగిపోతుంది. చిక్కేమంటే, ఆ పిలుపు వచ్చేదాకా ఆ సంగతి తెలియదు. పేరులో ఒక్క అక్షరం తప్పు అర్ధరాత్రి, మూడువేలవ ఫ్రేము దగ్గర బయటపడవచ్చును.

ప్రాపర్టీ అనేది ఇంతకంటె మెత్తని చిక్కు. 2001లో ఇది పైథాన్‌లో ప్రవేశించింది. చుక్క పెట్టి "ఈగ.నీడ" అని వ్రాస్తే, క్లాపు బోర్డు మీది సీను నంబరు చదివినట్లే కనబడుతుంది. వెనుక మాత్రం ఒక మెథడ్ కూర్చుండి పెద్ద లెక్క కట్టుతూ ఉండవచ్చును. బోర్డు చదవడమెక్కడ, ఎడిటరును పిలిచి చిత్రమంతా కొలిపించడమెక్కడ! సౌకర్యం లేకపోలేదు. నేడు నిలువచేసిన అంకెను రేపు లెక్కగా మార్చినా, వాడుకొనేవారు ఒక్క పంక్తి దిద్దనక్కరలేదు. ఇది చిన్న మేలు కాదు.

ఐతే ఖర్చు చూడండి. సెకండుకు 24 ఫ్రేములు. మూడు నిమిషాల ఘట్టానికి 4,320. నీడ లెక్కకు 2 సెకండ్లనుకొంటే మొత్తం 2 గంటల 24 నిమిషాలు. అది వట్టి అంకె అని భ్రమపడి, ఒక్కొక్క ఫ్రేములో మూడుమార్లు చదివితే 7 గంటల 12 నిమిషాలు. విడుదల తేదీ గోడలకెక్కిన తరువాత ఆ అదనపు గంటలు ఎవరిస్తారు?

2019లో వచ్చిన పైథాన్ 3.8, ఒకసారి కట్టిన లెక్కను దాచుకొనే ప్రాపర్టీని సమకూర్చింది. మంచిదే గాని, ఈగ ఎగిరిపోయినా నీడ పాతగోడ మీదనే నిలిచిపోగలదు! దాచిన విలువను చెరిపివేయమని ఎవరో చెప్పవలసిందే.

అందుచేత, తక్షణం పలికేదానికే చుక్క చాలునని నా అభిప్రాయం. శ్రమ గల పనిని "నీడను లెక్కించు" అని క్రియాపదంతో, కుండలీకరణాలు పెట్టి పిలవాలి. అప్పుడు మూడుమార్లు కావలసినవాడు ఒక్కమారే అడిగి, ఆ విలువను ఫ్రేము ముగిసేవరకు చేత ఉంచుకొంటాడు. తరువాతి ఫ్రేముకు మళ్ళీ అడుగుతాడు.